రెండు నిమిషాలు మాట్లాడటానికి అమీర్‌పేట వెళ్లాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. మా అబ్బాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాడు, హనుమకొండలో ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. విదేశంలో ఎంఎస్ కోసం పది రోజుల కిందట కంప్యూటర్ పద్ధతిలో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాశాడు. లిజనింగ్, రీడింగ్ రెండింటిలో 7.5 చొప్పున, రైటింగ్‌లో 6.5 వచ్చాయి. స్పీకింగ్‌లో మాత్రం 5.5. మొత్తం 7 అయినా, ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదని విశ్వవిద్యాలయం అంటోంది. మాట్లాడుతుండగానే ఎగ్జామినర్ ఆపేశారని, తన యాస నచ్చలేదేమోనని మావాడు బాధపడుతున్నాడు. హైదరాబాద్‌లో అమీర్‌పేటకు పంపి, రెండు నెలలు హాస్టల్‌లో ఉంచి శిక్షణ ఇప్పించమని బంధువులు చెబుతున్నారు. ఇంట్లో మాకెవరికీ ఇంగ్లీషు రాదు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, నర్సంపేట మండలం

జవాబు: పంపకండి. మీ ఉత్తరం అందాక మీ అబ్బాయితో ఫోనులో ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆ ధైర్యంతోనే ఇంత ఖాయంగా చెబుతున్నాను.

ముందు ఆ రెండు అనుమానాలు తీర్చుకుందాం. స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మూడు భాగాలుంటాయి, ప్రతి భాగానికీ గడియారం లెక్క ఉంటుంది. రెండో భాగంలో మాట్లాడాల్సిన విషయం రాసిన ఒక కార్డు ఇస్తారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిల్ ఇస్తారు. ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. రెండు నిమిషాలు నిండగానే ఎగ్జామినర్ ఆపి తీరాలి, వాక్యం సగంలో ఉన్నా సరే. మీవాణ్ని ఆపింది అక్కడేనట. నిజానికి అక్కడి దాకా మాట్లాడగలిగినందుకు సంతోషించాల్సింది పోయి, వాడు దాన్నే తలచుకుని మూడో భాగమంతా నీరుగారిపోయాడు.

ఇక యాస. స్పీకింగ్‌లో నాలుగు అంశాలు చూస్తారు: ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమానంగా పావు వంతు విలువ. తెలుగువాడిలా మాట్లాడాడని ఎవరూ మార్కులు కోయరు. వినేవారు అర్థం చేసుకోవడానికి ఎంత కష్టపడాల్సి వచ్చిందన్నదే లెక్క. లండన్ వాడిలా పలకాలని నోరు మెలితిప్పేవాళ్ల మాటే తరచుగా అర్థం కాదు.

మరి 5.5 ఎందుకొచ్చింది? ఫోనులో నేను పరీక్ష పద్ధతిలోనే ఒక కార్డు ఇచ్చాను. నీళ్లున్న ఒక చోటు గురించి చెప్పమన్నాను. వెంటనే గోవా సముద్రతీరం మొదలైంది. బంగారు ఇసుక, అస్తమించే సూర్యుడు, మనసుకు ప్రశాంతత... నలభై సెకన్లు ఎక్కడా తడబాటు లేదు. మధ్యలో, ‘గోవాకు రైల్లో వెళ్లావా, బస్సులోనా?’ అని ఇంగ్లీషులోనే అడిగాను. అవతల నిశ్శబ్దం. కాసేపటికి నవ్వి, ఎప్పుడూ వెళ్లలేదని ఒప్పుకున్నాడు. శిక్షణ కేంద్రంలో ఇచ్చిన పుస్తకంలో అరవై కార్డులకు జవాబులున్నాయట, అందులో అది పన్నెండోదట. అరవైనీ బట్టీ పట్టాడు! ఆ శ్రమకు జాలి, ఆ పుస్తకం అమ్మినవాళ్ల మీద కోపం, రెండూ కలిగాయి నాకు.

అప్పుడు తెలుగులో అడిగాను, ‘బాబూ, మీకు పాకాల చెరువు దగ్గరే కదా, వెళ్లావా ఎప్పుడైనా?’ అని. అంతే. ముగ్గురు స్నేహితులు, ఒకే బండి, దారిలో పంక్చరు, కట్ట మీదికి చేరేసరికి వాన, తడిసిన బిర్యానీ పొట్లాలు. నాలుగు నిమిషాలు చెప్పాడు, నేను గడియారం చూస్తూనే ఉన్నాను. అదే ఇంగ్లీషులో చెప్పమంటే తప్పులతోనే, తడుముకుంటూనే ఒక నిమిషం నలభై సెకన్లు లాక్కొచ్చాడు. గోవా జవాబుకంటే వ్యాకరణం అధ్వానం. అయినా పరీక్షకు పనికొచ్చేది ఈ మాటే. బట్టీ జవాబును పసిగట్టడంలో ఎగ్జామినర్లకు శిక్షణ ఉంటుంది. కంఠస్థం చేసిన ముక్క నున్నగా జారిపోతుంది, ఆ వెంటనే అడిగిన చిన్న ప్రశ్నకు నోరు పెగలదు. ఆ తేడాలోనే అసలు స్థాయి బయటపడుతుంది. చదివింది అప్పజెప్పినంతసేపూ మీవాడు తన సొంత ఇంగ్లీషును చూపించే సమయాన్ని పోగొట్టుకున్నాడు.

అందుకే నా సలహా మీ ఇంటి అరుగు మీదే మొదలవుతుంది. మీకు ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ కలిసొచ్చే విషయం. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక కార్డు తీయమనండి. ముందు తెలుగులో మీకు రెండు నిమిషాలు చెప్పాలి. తెలుగులోనే చెప్పలేకపోతున్నాడంటే లోటు భాషలో లేదు, చెప్పాల్సిన సరుకులో ఉంది. దాన్ని పోగేసుకున్నాక అదే విషయం ఇంగ్లీషులో చెప్పాలి. మీరు చేతిలో గడియారం పట్టుకుని, ఎక్కడ ఆగాడో, ఎక్కడ గొంతు తగ్గిందో చూడండి చాలు. ఇంగ్లీషు వచ్చినవాళ్లయితే ప్రతి తప్పుకూ అడ్డుపడతారు, పిల్లవాడు ముడుచుకుపోతాడు. మీరు అడ్డుపడలేరు. ఫోనులో రికార్డు చేసుకుని, మర్నాడు పొద్దున తనే విని, తన తప్పుల్లో రెండింటిని మాత్రం పట్టుకోవాలి. పది పట్టుకుంటే ఒక్కటీ పోదు.

సరుకు ఎక్కడ దొరుకుతుందంటే మీ చుట్టుపక్కలే. మిర్చి కల్లం, మేడారం జాతర, వాడు చదివిన కళాశాల క్యాంటీను, కాజీపేట స్టేషనులో తప్పిపోయిన రైలు. రామప్ప గుడి గురించి చెప్పాల్సి వస్తే, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందన్న ఒక్క మాట చాలు. తేలే ఇటుకల దగ్గర్నుంచి అంతా గైడులా చెప్పుకుపోతే అదీ బట్టీలాగే వినిపిస్తుంది. తను వెళ్లిన రోజు రాతి మీద కాళ్లు కాలాయా, అమ్మ ఏమంది, అవి చెప్పాలి.

ఇక్కడే ఇంకో రహస్యం ఉంది, పుస్తకాల్లో దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. బతుకమ్మ గురించి చెబుతుంటే తంగేడు పువ్వు వస్తుంది, గునుగు వస్తుంది. వాటికి ఇంగ్లీషు పేర్లు తెలియవని మీవాడు ఆగిపోయాడు. ఆగనక్కర్లేదు. వానాకాలం పోయేటప్పుడు బీళ్లలో, దారుల పక్కన ఎవరూ నాటకుండానే పూసే పసుపు పువ్వు అని తేలిక మాటల్లో చెబితే సరి. తెలియని మాట చుట్టూ తిరిగి అర్థం తెలిసేలా చెప్పగలగడం పదసంపద కింద లెక్కకు వచ్చే నైపుణ్యమే. బరువైన పదాలు వంద నేర్చుకుని నాలుగు తప్పుగా వాడేకన్నా ఇది ఎంతో మేలు. రోజుకు ఒక వస్తువు తీసుకోమనండి: చాట, తిరగలి, పొన్నుకర్ర, పచ్చిపులుసు. వీటిని ఎన్నడూ చూడని మనిషికి ఇంగ్లీషులో విడమరచి చెప్పాలి. నవ్వులాటలా ఉంటుంది కానీ నెల తిరిగేసరికి నోటికి ఎక్కడా గోడ తగలదు.

మొదటి భాగంలో, అంటే ఊరు, చదువు, అలవాట్ల గురించి నాలుగైదు నిమిషాలు అడిగేచోట, మనవాళ్లకు పెద్ద అడ్డంకి మర్యాద. పెద్దల ముందు అడిగినదానికి పొడిగా జవాబు చెప్పి ఊరుకోవడం మంచి పిల్లల లక్షణమని మనమే నేర్పాం. మీ ఊరంటే ఇష్టమా అని అడిగితే, ఇష్టమే అని ఆగిపోతే ఎగ్జామినర్‌కు మార్కు వేయడానికి ఏమీ మిగలదు. ఎందుకు ఇష్టమో, దానికొక చిన్న సంగతి, రెండు మూడు వాక్యాలు చేర్చాలి. అంతకుమించి సాగదీయనక్కర్లేదు.

ఉచ్చారణలో మూడు పనులు చాలు. మనం బస్సు, రోడ్డు, బ్యాంకు అని తెలుగు చేసుకున్నాం, బాగుంది. ఇంగ్లీషు వాక్యంలోకి వెళ్లేటప్పుడు ఆ చివరి ఉకారాన్ని గడప దగ్గరే వదిలేయాలి. అలాగే స్పెల్లింగులో రెండు అక్షరాలు కనిపించాయని ఒత్తి పలుకుతాం. ‘సమ్మర్’ అంటాం, వాళ్లకు అక్కడ వినిపించేది ఒకటే మకారం. రెండోది, మాటలో బరువు పడే చోటు. ‘హోటల్’, ‘డెవలప్’ రెండింటిలోనూ బరువు రెండో భాగం మీద పడాలి, మనం మొదటిదాని మీద వేస్తాం. మూడోది వకారం. పడమరను చెప్పే మాట, బనియన్‌ను చెప్పే మాట మన లిపిలో రాస్తే రెండూ ‘వెస్ట్’ అనే వస్తాయి. పడమరకు పెదవులు గుండ్రంగా చుట్టాలి, బనియన్‌కు పై పళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు వారం రోజులు సరిపోతుంది.

వ్యాకరణంలో మీవాడికి నేను రాసిచ్చినవి రెండే. ‘ఒక రాజు’ అలవాటుతో ప్రతిచోటా ‘వన్’ అంటున్నాడు, మాట మాటకీ మన ‘అంటే’కు బదులుగా ‘మీన్స్’ వాడుతున్నాడు. పాకాల కథ చెప్పేటప్పుడు జరిగిపోయినదాన్ని జరుగుతున్నట్లు చెప్పడం ఇంకోటి. అది రికార్డు వింటే తనకే తెలుస్తుంది.

మూడో భాగం చర్చ. కార్డు నీళ్ల గురించి అయితే ఇక్కడ చెరువులను కాపాడే బాధ్యత ప్రభుత్వానిదా, ఊరివాళ్లదా అని అడగవచ్చు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మీ ఊరి చెరువు పూడిక తీసి ఉంటే, ఆ మట్టి ఎవరి పొలాల్లోకి వెళ్లిందో మీరే చెప్పండి వాడికి. సరైన అభిప్రాయం అంటూ ఏదీ ఉండదు, దాన్ని నిలబెట్టుకునే తీరే చూస్తారు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగవచ్చు. అర్థం కాకుండా ఏదో ఒకటి చెప్పడంకన్నా అదే నయం.

ఇప్పుడు లెక్కలు. కంప్యూటర్ పద్ధతిలో రాసినవారు నాలుగు విభాగాల్లో ఏదో ఒకదాన్ని మాత్రమే మళ్లీ రాసే వీలుంది. దాన్ని వన్ స్కిల్ రీటేక్ అంటారు. మొదటి పరీక్ష జరిగిన 60 రోజుల్లోపు, ఒకే ఒక్కసారి. మీకు యాభై రోజులున్నాయి. కొత్త స్కోరుతో ఇంకో పత్రం ఇస్తారు, పాతది ఎక్కడికీ పోదు. అయితే అన్ని విశ్వవిద్యాలయాలూ దీన్ని ఒప్పుకోవు. ఫీజు కట్టే ముందే మీవాడు ఈమెయిల్ పంపి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ఒప్పుకోకపోతే పరీక్ష మొత్తం మళ్లీ రాయాల్సిందే. పునఃపరిశీలన అడగవచ్చు కదా అంటారేమో. ఆరు వారాల్లోపు అడగవచ్చు, స్కోరు మారితే ఫీజు తిరిగి ఇస్తారు. కానీ మీవాడి మాట విన్నాను కాబట్టి నిర్మొహమాటంగా చెబుతున్నాను, ఆ 5.5 న్యాయమైనదే. ఆ డబ్బు పెట్టకండి. మైకులో మాట్లాడే పీటీఈ లాంటి పరీక్షల ఊసు కూడా ఇప్పుడు వద్దు. మనిషి ఎదురుగా ఉంటే మీవాడు బాగానే తెరుచుకుంటాడు.

ఈ రాత్రికి మొదటి కార్డు నేనే ఇస్తున్నాను, అతనికి చదివి వినిపించండి. ‘ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న ఒక పని గురించి చెప్పు. ఏమిటా పని, ఎవరు నేర్పారు, ఎన్నాళ్లు పట్టింది, ఇప్పుడు ఎలా పనికొస్తోంది?’ ఒక నిమిషం ఆలోచించుకోనివ్వండి. రెండు నిమిషాలు నిండగానే, వాక్యం సగంలో ఉన్నా సరే, ఆపేయండి.