సీడ్ పత్తి ఊళ్ల పిల్లలకు తోడు ఉండబోయే మేనకోడలికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

గద్వాల పల్లెల్లో బడి మానేసిన పిల్లలకు ఆదివారాలు చదువు చెబుతూ తోడుగా ఉంటానని మాట ఇచ్చావట, సంతోషం. ఆ పల్లెల్లోనే పంతులుగా పనిచేసినవాణ్ని కనుక కొన్ని సంగతులు రాస్తున్నాను.

వస్తానన్న రోజున తప్పక రావడమే ఇందులో అసలు పని. పెద్దల మాటలు నీటిమీది రాతలని ఆ పిల్లలకు ఇప్పటికే అనుభవం. నెలకు రెండుసార్లే వీలైతే అంతే చెప్పు, రాలేని వారం ముందుగానే కబురు పెట్టు. కొత్త బట్టలు కొంటానని, హైదరాబాదు చూపిస్తానని ఆశ పెట్టకు.

వాళ్ల చదువు ఎక్కడ తెగిందో తెలియాలంటే సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, పని తెలియాలి. సంకర విత్తనం కోసం సాయంత్రం పూట మొగ్గల రేకులు, పుప్పొడి కాడలు గిల్లివేసి, మర్నాడు పొద్దున్నే వాటికి మగ మొక్కల పూల పుప్పొడి అద్దుతారు. ఒక్కొక్క పువ్వుకూ చేత్తో చేయవలసిన ఈ క్రాసింగ్ పని సరిగ్గా బడి నడిచే వానాకాలంలోనే వారాల తరబడి సాగుతుంది, దానికోసం కొన్ని ఇళ్లవాళ్లు ముందే అడ్వాన్సు తీసుకొని ఉంటారు. కాబట్టి సెప్టెంబరులో పిల్లవాడు కనిపించకపోతే వాడికి చదువు మీద ధ్యాస లేదని తీర్మానించకు. జూన్‌లోనే ఇంటికి వెళ్లి, తప్పుపట్టే గొంతు లేకుండా మాట కలిపితే, ఎవరి దగ్గర ఎంత తెచ్చారో తల్లే చెబుతుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదని బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ చెబుతున్నా, బడి వేళల తరువాత, సెలవుల్లో సొంతవాళ్లకు సాయపడవచ్చన్న వెసులుబాటు ఉంది. "మా చేన్లోనే కదా సార్" అన్న జవాబుకు దారి అదే. ఆ వెసులుబాటు ఇవ్వకుండా ఉండవలసిందని నా అభిప్రాయం.

ఇక చదువు. గుండ్రటి అక్షరాలు చూసి మురిసిపోకు బిడ్డా. బోర్డు మీదిది పొల్లు పోకుండా దించిన పిల్లే, అదే వాక్యాన్ని వేలు పెట్టి చదవమంటే రెండో మాట దగ్గర ఆగి నీ ముఖంలోకి చూస్తుంది. పక్కన కూర్చోబెట్టుకొని మెల్లగా చదివించు, పదిమందిలో మాత్రం వద్దు. అలాగని పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో వేయనక్కరలేదు. వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఈ సంగతి హెడ్‌మాస్టరుకు మర్యాదగా గుర్తు చేయవలసి రావచ్చు.

"ఎవరికీ చెప్పనంటేనే చెబుతాను" అని ఏ పిల్ల అడిగినా ఒట్టు వేయకు. "నిన్ను కాపాడగలిగినవాళ్లకు మాత్రం చెబుతాను" అని ముందే అను. లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ పోలీసులకు తెలియజేయకపోవడం 2012 పోక్సో చట్టం కింద నేరం. ఇతర ఆపదల్లో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యి. గుచ్చి గుచ్చి అడగడం నీ పని కాదు. వాళ్ల ఫొటోలు, కథలు వాట్సాప్‌లో పెట్టకు. తలుపు వేసిన గదిలో ఒంటరి పిల్లతో కూర్చోకు, ఇది నీ క్షేమానికీ మంచిది.

ఉద్యోగం వల్ల ఊరు మారవలసి వస్తే నెల ముందే పిల్లలకు చెప్పు. నీ తరువాత వచ్చేవారిని రెండు వారాలైనా వెంటబెట్టుకొని తిరిగి, ఎవరు ఏ పాఠం దగ్గర ఆగారో, వానాకాలంలో ఎవరింటికి ముందుగా వెళ్లాలో రాసి వాళ్ల చేతికివ్వు.

ఇట్లు,
మీ మామయ్య