అమ్మాయి కొండకొచ్చిన రోజు మీరెక్కడున్నారు?

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 58 ఏళ్లు. ఉద్యోగం నుంచి ముందే రిటైర్మెంట్ తీసుకున్నాను. 2015లో మొదటి యోగా దినోత్సవం చూసి యోగాలో చేరాను, ఇప్పటిదాకా మానలేదు. షుగర్ అదుపులో ఉంది. నెలకోసారి అలిపిరి మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతాను. ఒంటికన్నా మనసుకే ఎక్కువ మేలు జరిగింది. అబ్బాయి చెన్నైలో చదువుతున్నాడు. అమ్మాయి రెండేళ్ల కిందట మాకు చెప్పకుండా పెళ్లి చేసుకుని బెంగళూరులో ఉంటోంది. అంత దెబ్బ తిని కూడా ఆ బంధాన్ని వదిలేయగలిగానంటే అది యోగా నేర్పిన వైరాగ్యమే. మొన్న మనవడి పుట్టు వెంట్రుకలకు వాళ్లు కొండకు వస్తే నా భార్య ఒక్కతే వెళ్లొచ్చింది. నేను ఎప్పట్లాగే క్లాసుకు వెళ్లాను. మనసు చలించలేదు. నా బాధల్లా నా భార్య గురించే. మోకాళ్ల నొప్పులు, చీటికీమాటికీ విసుగు, టెన్షన్. యోగాకు రమ్మంటే ‘ఆ గంటైనా నన్ను వదిలేయండి’ అంటుంది. నేను ఏడింటికి తిరిగొచ్చేసరికి మిద్దె మీద ఉంటుంది. కళ్లు ఎర్రగా ఉంటాయి. ఏమిటంటే బట్టలు తీయడానికి వెళ్లానంటుంది. ఆమెను యోగాకు ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. మీ ప్రశ్నకు నా జవాబు అంతే.

ఇక మీరు అడగని సంగతి. పొద్దున ఏడింటికి మిద్దె మీద బట్టలు ఎవరు తీస్తారండీ? రాత్రి ఆరేసినవైతే ఇంకా చెమ్మగానే ఉంటాయి. మీరు గేటు వేసుకుని వెళ్లగానే ఆవిడ ఫోన్ పట్టుకుని పైకి వెళ్తున్నారు. బెంగళూరులో అమ్మాయి బిడ్డకు పాలు పట్టి, ఆఫీసుకు బయల్దేరేలోపు తల్లితో మాట్లాడుకునేది ఆ కాసేపే. ఇది నా ఊహే. కానీ మీరు రాసిన వివరాలు చదివితే ఏ ఆడదానికైనా ఇదే తోస్తుంది. ఇప్పుడా గంట కూడా క్లాసుకు రమ్మని అడుగుతున్నారు మీరు. ఆవిడ విసుక్కోక ఏం చేస్తారు?

ఇది చదివి ‘ఇన్నాళ్లూ నాకు తెలియకుండానా’ అని నిలదీయడానికి లేస్తారేమో, ఆగండి. ఆవిడ ఫోన్ ముట్టుకోవద్దు. కన్నకూతురితో మాట్లాడటానికి మిద్దె ఎక్కాల్సిన పరిస్థితి తెచ్చింది మీరే. అదీ నొప్పి మోకాళ్లతో.

అమ్మాయి మిమ్మల్ని బాధపెట్టింది, కాదనను. పెంచినవాళ్లకు ఒక మాటైనా చెప్పకుండా తాళి కట్టించుకుంటే కడుపుకోతే. మీకు కోపం వచ్చింది. అది కోపం అని చెప్పండి, నేను మీ పక్కనే కూర్చుని వింటాను. దానికి వైరాగ్యమని పేరు పెట్టి, పైగా పుణ్యం యోగాకు కట్టబెడితే మాత్రం ఒప్పుకోలేను. మీ మనసు నిజంగా చలించకపోతే ఇంత పెద్ద ఉత్తరంలో ఆ రోజు క్లాసు మానలేదన్న సంగతి నాకెందుకు రాశారు?

పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. మొదటిది యమం. అందులో అన్నిటికన్నా ముందు అహింస, ఆ వెంటనే సత్యం. ఇన్నేళ్లుగా ఆసనాలు వేస్తున్న మనిషి ఇంట్లో భార్య నిజం చెప్పడానికి జంకుతోందంటే మీరు మొదటి మెట్టు దాటేసి మూడో దాని మీద కూర్చున్నారు. అదే యోగసూత్రాల్లో మనసు తేటపడటానికి ఇంకో దారి కూడా ఉంది. సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ. మీకు ఇద్దరూ ఇంట్లోవాళ్లే. ఒకరు బెంగళూరులో కాపురం చేసుకుంటున్నారు, ఇంకొకరు మీ మిద్దె మీద ఏడుస్తున్నారు. సాధన చేయడానికి వేరే చాప ఎందుకు?

కొండ విషయం నాకు ఇంకా మింగుడు పడటం లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు నెలనెలా ఎక్కే మీరు ఆ ఒక్క రోజు ఎక్కలేకపోయారు. మేనమామ ఒళ్లో కూర్చోవాల్సిన పిల్లవాడికి కల్యాణకట్టలో మేనమామ లేడు. మీ అబ్బాయి రాకపోవడానికి కారణం చదువు కాదని, మీ భయమని నేననుకుంటున్నాను. బిడ్డతో కొండ దాకా వచ్చిన అమ్మాయి, కిందనే పుట్టిల్లు ఉన్నా, చిత్తూరు, పలమనేరు మీదుగా తిరుగు బస్సు ఎక్కింది. అంత దూరం వచ్చి గడప తొక్కకుండా పోయిన పిల్ల గురించి ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరు అన్నం తిని ఉంటారు?

అల్లుడనే మాట ఉత్తరంలో ఎక్కడా లేదు, ‘వాళ్లు’ అని సరిపెట్టారు. మనవడని మాత్రం రాశారు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

రేపు క్లాసుకు వెళ్లకండి. ఒక్కరోజుకు ఏమీ కాదు. పొద్దున కాఫీ తాగుతూ ‘పిల్లాడు ఎలా ఉన్నాడట?’ అని ఆవిడను అడగండి. ఆవిడ నమ్మరు, ఏదో ఉచ్చు అనుకుంటారు. ఒకటి రెండు సార్లు అడగాల్సి వస్తుంది. ఆ తర్వాత ఫోన్ మీరే చేయండి. క్షమించాను లాంటి పెద్ద మాటలు వద్దు, జరిగింది తవ్వడం వద్దు, అల్లుడి జీతం ఆరా అసలే వద్దు. సంక్రాంతికి ఇద్దరినీ, బిడ్డనూ రమ్మని పిలవండి. అల్లుణ్ణి పేరు పెట్టి పిలవండి. కూతుర్ని ఒక్కదాన్నే రమ్మంటే రాదు, రాకూడదు కూడా. భర్తకు మర్యాద లేని గడప ఏ ఆత్మాభిమానం ఉన్న పిల్లా తొక్కదు.

మోకాళ్ల సంగతి మరిచిపోలేదు. ముందు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వాపు ఉన్న కాళ్లతో వజ్రాసనంలో కూర్చోబెట్టే ప్రయోగాలు ఇంట్లో చేయకండి. క్లాసుకు వస్తారా లేదా అన్నది ఆవిడ ఇష్టం. మళ్లీ అడగొద్దు.