ఈఆర్‌సీ ముందు వినియోగదారుడి తరఫున ఎవరు వాదించాలి?

విద్యుత్ ఛార్జీలపై రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ, ఏటా జరిపే బహిరంగ విచారణకు సామాన్య వినియోగదారుడు వెళ్లడం వల్ల ఏమైనా ప్రయోజనం ఉందా, వినియోగదారుల పక్షాన స్వతంత్రంగా వాదించే వ్యవస్థ ఏర్పడాలంటే ఏం చేయాలి అని మీరు అడిగారు. ఎనిమిదేళ్లుగా ఈ విచారణల్లో అభ్యంతరాలు దాఖలు చేస్తున్న గృహ వినియోగదారుడిగా చెబుతున్నాను: వెళ్లడం వల్ల ప్రయోజనం ఉంది, అయితే అది ఒక్కరి ఓపిక మీద ఆధారపడినంత కాలం నిలవదు. స్వతంత్ర వ్యవస్థకు విద్యుత్ చట్టంలో 2003 నుంచే వీలుంది. లేనిదల్లా దానికి నిధులు, సిబ్బంది, కొనసాగింపు.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చాలామంది చేసేదే. బిల్లులు పట్టుకుని వెళ్లి, ఛార్జీలు భారంగా ఉన్నాయని, పెంచవద్దని ఐదు నిమిషాలు మాట్లాడాను. సభ్యులు మర్యాదగా విన్నారు, తరువాత వచ్చిన టారిఫ్ ఉత్తర్వులో నా మాటకు ఒక వాక్యం దక్కింది. అందులో మండలి తప్పేమీ లేదని ఇప్పుడు అనిపిస్తుంది. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) సమర్పించే వార్షిక ఆదాయ అవసరాల నివేదికలో, అంటే అందరూ ఏఆర్‌ఆర్ అనే దానిలో, ఫలానా పద్దు కింద చూపిన ఫలానా మొత్తం ఎందుకు ఒప్పుకోదగినది కాదో ఎవరో ఒకరు చూపిస్తే తప్ప, ఛార్జీలు భారం అన్న ఒక్క మాట మీద మండలి ఒక్క రూపాయి కూడా కోయలేదు.

రెండో ఏడాది ఒకే ఒక్క పద్దు పట్టుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌కు ట్రాన్స్‌ఫార్మర్, స్తంభాలు, తీగలు, చివరికి కింద కట్టిన దిమ్మె కూడా మేమే డబ్బు కట్టి పెట్టించుకున్నాం. పని పూర్తయ్యాక అవన్నీ డిస్కం ఆస్తులయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈఆర్‌సీ 2005లో తెచ్చిన 4వ నిబంధనావళి ప్రకారం, పంపిణీ సంస్థకు ప్రతిఫలం లెక్కగట్టేటప్పుడు ఆస్తుల విలువలోంచి తరుగుదలతో పాటు వినియోగదారులు భరించిన వాటాను కూడా తీసివేయాలి. అలా తీసివేయకపోతే, మేము కొనిచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ మీద మా దగ్గరే ఏటా వడ్డీ వసూలు చేసినట్లవుతుంది. ఏఆర్‌ఆర్ చివర ఉన్న పట్టికల్లో ఆ వరుస కోసం వెతికితే, పైన స్థిరాస్తుల విలువ ఏటికేడు పెరుగుతూ పోతోంది. వినియోగదారుల వాటా మాత్రం మూడేళ్లుగా ఒకే అంకె, చివరి దశాంశ స్థానంతో సహా. ఆ మూడేళ్లలో మా వీధిలోనే నాలుగు కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు లేచాయి.

ఈ సంగతిని అర పేజీలో రాసి, నకలు డిస్కంకు పంపి, అందినట్లు రసీదు జతచేసి మండలిలో దాఖలు చేశాను. వాస్తవ వివరాలు ట్రూ అప్ సమయంలో, అంటే ముందు వేసిన అంచనాలను అసలు ఖర్చులతో సరిచూసి తేడాను సర్దేటప్పుడు, సమర్పిస్తామని మొదట జవాబు వచ్చింది. విచారణ రోజున మండలి సభ్యుడొకరు అదే పట్టిక తెరిచి అదే ప్రశ్న అడగడంతో, రెండు వారాల తరువాత సవరించిన పట్టిక దాఖలైంది. ఆ సవరణ వల్ల నా బిల్లులో కంటికి కనిపించేంత తేడా రాలేదు, అది వేరే విషయం. మరుసటి ఏడాది ఆరోగ్యం బాగాలేక నేను అభ్యంతరం వేయలేకపోయాను. ఆ ఏడాది ఆ వరుసలో మళ్లీ పాత అంకే వచ్చింది, దాని గురించి ఎవరూ అడగలేదు.

డిస్కంల పక్షాన టారిఫ్ వ్యవహారాలకే ప్రత్యేక విభాగం, ఆడిటర్లు, న్యాయవాదులు ఉంటారు. వారి జీతాలు, ఫీజులు పరిపాలనా ఖర్చుల కింద ఏఆర్‌ఆర్‌లోనే చేరతాయి కాబట్టి, మనకు వ్యతిరేకంగా వాదించే వకీలు ఫీజు కూడా మన బిల్లులోంచే పోతుంది. ఈ పక్షాన మాత్రం పింఛను మీద బతికే ఇంజనీర్లు, రైతు సంఘాల నాయకులు, నాలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, సొంత ఖర్చులతో వస్తారు. మండలే వినియోగదారుల ప్రయోజనాలను కాపాడాలి కదా అని కొందరు అడుగుతారు. విద్యుత్ చట్టంలోని 61వ సెక్షన్ మండలికి వినియోగదారుల ప్రయోజనంతో పాటు, సరఫరాకు అయిన ఖర్చు సహేతుకంగా రాబట్టుకునేలా చూసే బాధ్యతను కూడా అప్పగించింది. రెండు పక్షాలనూ తూచవలసిన న్యాయమూర్తినే ఒక పక్షానికి వకీలుగా ఉండమనడం సరికాదు, ఉండలేరు కూడా.

అందుకే 94వ సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం ముఖ్యమైనది. తన ముందు జరిగే విచారణల్లో వినియోగదారుల ప్రయోజనాలకు ప్రాతినిధ్యం వహించడానికి తనకు తగినవారని తోచిన ఎవరికైనా మండలి అధికారం ఇవ్వవచ్చని అది చెబుతుంది. ఇవ్వవచ్చు అన్నదే గాని, ఇవ్వాలి అనలేదు. కథంతా ఆ ఒక్క క్రియాపదం దగ్గరే ఆగిపోయింది. మహారాష్ట్ర మండలి మాత్రం ఈ అధికారాన్ని వాడుకుని ముంబయి గ్రాహక్ పంచాయత్, పుణెలోని ప్రయాస్, ఠాణే బేలాపూర్ పరిశ్రమల సంఘం, విదర్భ పరిశ్రమల సంఘం అనే నాలుగు సంస్థలకు అధీకృత వినియోగదారుల ప్రతినిధుల హోదా ఇచ్చింది. ఆ నాలుగింటిలో రెండు పరిశ్రమల సంఘాలేనన్నది గమనించదగ్గ విషయం. క్రాస్ సబ్సిడీ, అంటే ఒక వర్గం దగ్గర ఎక్కువ వసూలు చేసి మరో వర్గానికి తగ్గించే పద్ధతి, ప్రశ్నకు వచ్చినప్పుడు పరిశ్రమలకు తగ్గించమన్నది ఇళ్లకో, ప్రభుత్వ ఖజానాకో చుట్టుకుంటుంది కనుక, వినియోగదారులందరికీ కలిపి ఒకే ప్రతినిధి అంటే చివరికి గొంతు పెద్దదైనవారి ప్రతినిధే అవుతారు. గృహ, చిన్న వాణిజ్య వినియోగదారుల కోసం విడిగా ఒక ప్రతినిధి ఉండాలన్నది నా అభిప్రాయం.

చాలామంది ప్రతిపాదించినట్లు మండలి కార్యాలయంలోనే వినియోగదారుల విభాగం పెడితే మేలు జరుగుతుంది గాని, సగమే. మండలి ఉద్యోగి మండలి ఉత్తర్వు మీద 111వ సెక్షన్ కింద అపీలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లగలడా? అపీలుకు వెళ్లే స్వేచ్ఛ లేని ప్రతినిధి వాదనను ఎదుటి పక్షం అంత పట్టించుకోదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో నియంత్రణ సంస్థకు సంబంధం లేకుండా ప్రజల తరఫు న్యాయవాది కార్యాలయం 1924 నుంచి పనిచేస్తోంది. కాలిఫోర్నియాలో, విచారణలో పాల్గొని నిర్ణయానికి గణనీయంగా తోడ్పడినట్లు నిరూపించుకున్న సంఘాలకు అయిన ఖర్చు తిరిగి చెల్లిస్తారు, అదీ విద్యుత్ సంస్థల ద్వారానే.

డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకు చిన్న లెక్క చాలు. ఏటా 6,000 కోట్ల యూనిట్లు అమ్మే రాష్ట్రంలో యూనిట్‌కు పైసాలో పదో వంతు పక్కన పెడితే 6 కోట్ల రూపాయలు వస్తాయి. ఇద్దరు టారిఫ్ నిపుణులు, ఒక చార్టర్డ్ అకౌంటెంట్, ఒక న్యాయవాది, ఒక చిన్న కార్యాలయానికి అది చాలినంత మొత్తం.

ఆ బృందం ముందుగా చూడవలసినవి రెండున్నాయి. ఒకటి, మీటర్లు లేని వ్యవసాయ వినియోగం. అది కొలిచిన అంకె కాదు, ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ల ఆధారంగా వేసిన అంచనా. అంచనా పెరిగితే పంపిణీ నష్టాలు కాగితం మీద తగ్గుతాయి, సబ్సిడీ బిల్లు పెరుగుతుంది. నమూనా ట్రాన్స్‌ఫార్మర్లలో ఎన్నింటి మీటర్లు నిజంగా పనిచేశాయో అడిగేవారు ఏటా ఉండాలి. రెండోది ట్రూ అప్. 2022 నాటి కేంద్ర సవరణ నిబంధనలు ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయంలోని తేడాను నెలనెలా బిల్లులో వేసుకోవడానికి వీలు కల్పించడంతో, ఆ ఖర్చును ముందుగా ప్రశ్నించే అవకాశం దాదాపు పోయింది, మిగిలింది తరువాతి తనిఖీ ఒక్కటే. టారిఫ్ విచారణకు నిండే హాలు ట్రూ అప్ విచారణ నాటికి ఖాళీగా ఉండడం నేను చూశాను, డబ్బు జారిపోయేది మాత్రం అక్కడే.

మీరు ఈ ఏడాదే మొదలుపెట్టదలచుకుంటే, వచ్చే ఆర్థిక సంవత్సరపు ఏఆర్‌ఆర్‌లు నవంబర్ 30 నాటికి దాఖలు కావాలి, ఆ తరువాత పత్రికల్లో ప్రకటన వస్తుంది, మండలి 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఒక్క పద్దు ఎంచుకోండి, గత మూడేళ్ల అంకెలు పక్కపక్కన రాయండి, ప్రశ్న ఒక్క వాక్యంలో అడగండి. అదే అభ్యంతర పత్రం చివర, 94(3) కింద గృహ వినియోగదారులకు ప్రతినిధిని నియమించమని, వద్దనుకుంటే కారణం నమోదు చేయమని విడిగా సంఖ్య వేసి రాయండి. ఉత్తర్వులో అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి అభిప్రాయం వరుసగా అచ్చవుతాయి. నా అభ్యర్థన ఇప్పటికి మూడుసార్లు అచ్చయింది. మూడోసారి దాని కింద మరో పదకొండు మంది అభ్యర్థనలు కూడా ఉన్నాయి.