అడగండి, చెబుతాను: బడి బర్గరులో ‘గులాబీ బంక’

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కరీంనగర్. ఒమాహాలో స్థిరపడ్డాం. మా ఇంట్లో గొడ్డు మాంసం వండం. నాలుగో తరగతి చదివే మా బాబు మాత్రం బడిలో మధ్యాహ్నం బర్గరు తింటాడు. మేము అడ్డు చెప్పలేదు. మొన్న ఆఫీసులో ఒకామె పాత వీడియో చూపించింది. అందులో ఒక వంటగాడు మాంసం తునకల్ని బట్టలుతికే యంత్రంలో వేసి తిప్పి, వాటి మీద సీసాలోంచి అమ్మోనియా ఒంపాడు. దాన్నే ‘పింక్ స్లైమ్’ అంటారట, బడి పిల్లలకు అదే పెడతారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ నా బిడ్డను విషం తిననిచ్చానా? – పేరు వద్దన్న ఒక తల్లి, ఒమాహా

జవాబు: అమ్మా, మీ బిడ్డ విషం తినలేదు. ఆ భయం పక్కన పెట్టి మిగతాది చదవండి.

మీరు చూసిన వీడియో 2011లో జేమీ ఆలివర్ అనే బ్రిటిష్ వంటగాడు అమెరికా టీవీలో చేసి చూపించినది. కర్మాగారంలో సీసాలతో ఒంపడం ఉండదు. అసలు జరిగేది చెబుతాను. తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకుని ఇక్కడికి వచ్చాక, మీ నెబ్రాస్కాలోనే ఒక కైమా కర్మాగారం ల్యాబులో పదకొండేళ్లు పనిచేశాను. ఆ సరుకును చేత్తో పట్టుకుని చూసినదాన్ని.

పశువును కోసి పెద్ద ముక్కలు వేరుచేశాక కొవ్వు పట్టిన తునకలు గుట్టలుగా మిగులుతాయి. వాటికి అంటుకున్న కాస్త మాంసాన్ని కత్తితో గీసి తీస్తే కూలి గిట్టదు. సౌత్ డకోటాలోని బీఫ్ ప్రొడక్ట్స్ అనే సంస్థను స్థాపించిన ఎల్డన్ రాత్ దీనికొక దారి కనిపెట్టాడు. తునకల్ని గోరువెచ్చగా, సుమారు 40 డిగ్రీల సెల్సియస్‌కు, వేడిచేసి గిర్రున తిప్పుతారు. పెరుగు చిలికితే వెన్న విడినట్టు కొవ్వు విడిపోతుంది, నూటికి 95 పాళ్ల దాకా కొవ్వు లేని మాంసపు ముద్ద మిగులుతుంది. దాని మీదికి అమ్మోనియా వాయువును కొద్దిగా వదిలి వెంటనే గడ్డకట్టిస్తారు. పరిశ్రమ దానికి పెట్టుకున్న పేరు ‘లీన్ ఫైన్లీ టెక్స్‌చర్డ్ బీఫ్’. మామూలు కైమాలో నూటికి 15 పాళ్ల వరకు కలిపేవారు.

మా దగ్గరికి అది అట్టపెట్టెల్లో గడ్డకట్టి వచ్చేది. ఒక పలుకును చేతితొడుగు మీద పెట్టుకుంటే లేత గులాబీ రంగు. కరిగేకొద్దీ మెత్తగా రుబ్బిన పిండిలా అరచేతిలో పరుచుకునేది. మాంసానికి ఉండే పోగు ఎక్కడా కనిపించదు. కొన్ని పెట్టెలు ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నని ఘాటు తగిలేది. చూసి ముచ్చటపడే వస్తువు కాదు, ఒప్పుకుంటాను. అయితే నా పని దాని అందం చూడడం కాదు, అందులో బతికి ఉన్న సూక్ష్మజీవి ఉందా అని చూడడం.

అమ్మోనియా దేనికో తెలియాలంటే 1993కు వెళ్లాలి. ఆ ఏడాది జాక్ ఇన్ ద బాక్స్ అనే హోటళ్ల గొలుసులో సరిగా ఉడకని బర్గర్లు తిని వాషింగ్టన్, ఐడహో, కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల్లో 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. కారణం ఈ.కోలి ఓ157:హెచ్7 అనే సూక్ష్మజీవి. పశువు పేగుల్లో ఉంటుంది, పశువుకు ఏమీ కాదు. పసిపిల్లల కడుపులో పడితే రక్త విరేచనాలు పట్టుకుని, కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. మరుసటి ఏడాదే అమెరికా వ్యవసాయ శాఖ ఆ క్రిమి ఉన్న కైమాను కల్తీ సరుకుగా ప్రకటించింది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మా పెద్దాయన యంత్రాల గురించి చెప్పలేదు, ఆ నలుగురు పిల్లల గురించి చెప్పారు. ఇన్నేళ్లయినా ఏ కైమా పొట్లం చూసినా వాళ్లే గుర్తుకొస్తారు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. కొవ్వు తునకలు చర్మానికి దగ్గరగా ఉండేవి. తోలు ఒలిచేటప్పుడు పేడ అంటుకునే అవకాశం వాటికే ఎక్కువ. అమ్మోనియాతో మాంసపు ఆమ్లగుణం తగ్గి క్షారగుణం పెరుగుతుంది, అందులో ఆ క్రిములు బతకలేవు. 2001లో వ్యవసాయ శాఖ ఈ పద్ధతికి అనుమతి ఇచ్చింది. కుళ్లును దాచడానికి చల్లినది కాదు, క్రిమిని చంపడానికి వాడినది. తగిలిన కాస్త అమ్మోనియాతో మనిషికి హాని లేదు. అమోనియం సమ్మేళనాలు జున్నులోనూ బేకరీ సరుకుల్లోనూ వాడుతూనే ఉన్నారు.

మరి తప్పేమీ జరగలేదా? జరిగింది. అది విషం పెట్టడం కాదు, చెప్పకపోవడం. పొట్లం మీద ఆ ముద్ద పేరూ లేదు, అమ్మోనియా పేరూ లేదు. అమ్మోనియా తయారీలో వాడే సాధనమే కాబట్టి రాయనక్కర్లేదన్నారు. 2002లో వ్యవసాయ శాఖలోనే పనిచేస్తున్న జెరాల్డ్ జర్న్‌స్టీన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త సహోద్యోగులకు రాసిన ఉత్తరంలో, దీన్ని కైమా అనడం మోసపు లేబులే అవుతుందని అభ్యంతరం చెప్పారు. ‘పింక్ స్లైమ్’ అన్న మాట పుట్టింది ఆ ఉత్తరంలోనే. లోపలి మనిషి చెప్పిన మాటను అప్పుడే చెవిన పెట్టి ఉంటే పదేళ్ల తర్వాత అంత గగ్గోలు లేచేది కాదని నా నమ్మకం.

ఇంకొకటి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అమ్మోనియా పద్ధతి మీద ధీమాతో 2007లో వ్యవసాయ శాఖ ఆ సంస్థ సరుకును కైమాకు జరిపే మామూలు పరీక్షల నుంచి మినహాయించింది. బడి భోజనాల విభాగం మాత్రం తన పరీక్షలు మానలేదు. 2005 నుంచి ఆ విభాగానికి ఈ.కోలి 3 సార్లు, సాల్మొనెల్లా అనే మరో క్రిమి 48 సార్లు దొరికాయని 2009 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. దొరికిన సరుకును పిల్లల కంచాల దాకా రానివ్వలేదు. ఆ వార్తతో మినహాయింపు రద్దయింది. ల్యాబులో మేము ఒక్కో లాటు నుంచి 60 పలుచని ముక్కలు కోసి పరీక్షించి, ఫలితం వచ్చేదాకా సరుకును గడప దాటనిచ్చేవాళ్లం కాదు. ఏ యంత్రాన్నైనా, ఏ మందునైనా నమ్మి ఆ అరవై ముక్కలు మానేయమంటే నేను ఒప్పుకోను.

మీ బడి సంగతి. 2012 మార్చిలో ఏబీసీ టీవీ వరుస కథనాలు, తల్లుల సంతకాల ఉద్యమం కలిసి ఒత్తిడి పెరిగాక, ఈ ముద్ద కలిసిన కైమా కావాలో వద్దో బడులే తేల్చుకోవచ్చని వ్యవసాయ శాఖ ప్రకటించింది. ఆ ఏడాది దాదాపు అన్ని రాష్ట్రాలూ వద్దన్నాయి. కావాలన్నవి మూడే: ఐయోవా, సౌత్ డకోటా, మీ నెబ్రాస్కా. అందుకే ఊహలతో నిద్ర పాడుచేసుకోకుండా మీ బడుల పరిధిలోని భోజన విభాగానికి ఒక ఉత్తరం రాయండి. మీ కైమాలో ‘లీన్ ఫైన్లీ టెక్స్‌చర్డ్ బీఫ్’ కలుస్తుందా అని ఆ పేరుతోనే అడగండి. బర్గరు లోపలి వేడిని వంటశాలలో కొలుస్తారా, ఎంతకు దించుతారు అనీ అడగండి. మీ బాబు ఆరోగ్యానికి ఈ రెండో జవాబే ముఖ్యం.

ప్రశ్న: నేను కాన్సాస్‌లో ఎమ్మెస్ విద్యార్థిని. గదిలో మేమే బర్గర్లు కాల్చుకుంటాం. లోపల గోధుమరంగు వస్తే ఉడికినట్టే కదా?

జవాబు: కాదు నాయనా. నాలుగింట ఒక బర్గరు సరైన వేడి చేరకముందే గోధుమరంగుకు తిరుగుతుందని వ్యవసాయ శాఖే చెబుతోంది. కంటిని నమ్మవద్దు. పది, పదిహేను డాలర్లు పెడితే వంట థర్మామీటరు వస్తుంది. దాని సూదిని బర్గరు పక్కనుంచి నడిమధ్యకు గుచ్చి 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్, చూపించాకే దించండి. పచ్చి ముద్ద పెట్టిన పళ్లెంలోనే కాల్చినవి పెట్టుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ‘పింక్ స్లైమ్’ కథనాల మీద బీఫ్ ప్రొడక్ట్స్ సంస్థ వేసిన కేసులో ఏబీసీ టీవీ కోట్ల డాలర్లు కట్టిందంటే, ఆ వార్తంతా అబద్ధమనే కదా అర్థం? – విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, ఆ కేసులో తీర్పు రాలేదు. 2012లో ఆ సంస్థ 120 కోట్ల డాలర్ల నష్టానికి దావా వేసింది. ఆహార ఉత్పత్తులపై తప్పుడు ప్రచారానికి నష్టాన్ని మూడింతలు చేసే చట్టం సౌత్ డకోటాలో ఉంది, విచారణ నాటికి 190 కోట్లకు పెరిగిన ఆ లెక్క దాని ప్రకారం 570 కోట్ల దాకా వెళ్లగలిగేది. 2017 జూన్‌లో ఎల్క్ పాయింట్ అనే చిన్న ఊరి కోర్టులో విచారణ మొదలై, ఆ నెలలోనే రాజీతో ముగిసింది. ఏబీసీ యజమాని డిస్నీ తన లెక్కల్లో 17.7 కోట్ల డాలర్లు చూపించింది. తమ కథనాలు సరైనవేనన్న మాట మీదే ఏబీసీ నిలబడింది. ఏ మాట నిజం, ఏది కాదు అని జ్యూరీ చెప్పే అవకాశం రాలేదు.

నా అభిప్రాయం అడిగితే, ఆ కథనాల్లో చెప్పిన సంగతులకంటే పదేపదే పలికిన ‘స్లైమ్’ అన్న మాటే పని చేసింది. బంక అని వినగానే కడుపులో తిప్పుతుంది, ఇక లెక్కలు ఎవరూ వినరు. అమరిల్లో, గార్డెన్ సిటీ, వాటర్లూ ఊళ్లలోని ఆ సంస్థ కర్మాగారాలు మూడూ మూతపడి దాదాపు 700 మంది రోడ్డున పడ్డారు. చలిగదుల్లో రెండు స్వెట్టర్ల మీద తెల్లకోటు వేసుకుని రోజంతా నిలబడే మనుషులు ఎలాంటివారో నాకు తెలుసు. లేబులు మీద ఏం రాయాలో తేల్చింది వాళ్లు కాదు, శిక్ష పడింది మాత్రం వాళ్లకు. 2018 చివరలో వ్యవసాయ శాఖ ఆ సంస్థ సరుకును ‘గ్రౌండ్ బీఫ్’ అనే పిలవవచ్చని తేల్చింది. ప్రమాదకరం కాదు కాబట్టి అమ్ముకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఏం కలిసిందో పొట్లం మీద రాయమనే అడుగుతున్నాను.

ప్రశ్న: మేము మటన్ కైమా తప్ప ఇంకేదీ తినం. ఈ గొడవ మాకు లేనట్టేనా? – గృహిణి, విజయవాడ

జవాబు: ఆ ముద్ద గొడవ మీకు లేదమ్మా, కైమా గొడవ ఉంది. ముక్కగా ఉన్న మాంసానికి మురికి పైపైనే ఉంటుంది, మూకుడు వేడికి పోతుంది. కైమా కొట్టేసరికి పైనున్నది లోపలికీ చేరుతుంది. అది మేకకైనా పొట్టేలుకైనా ఒకటే. ముందే కొట్టి కుప్పపోసినది కొనకండి. కావలసిన ముక్క చూపించి, కత్తీ మొద్దూ కడిగించి, మీ ఎదుటే కొట్టించుకోండి. యంత్రంలో వేస్తే, అంతకుముందు వేసిన మాంసం మరలో ఇరుక్కుని ఉందేమో మూత తీసి చూపించమనండి. ఇంటికి తెచ్చిన గంటలోపు వండండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా పొయ్యెక్కించండి. కైమా ఉండలు చేసేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో అని పచ్చి ముద్దను నాలుకకు తాకించే అలవాటు మా అమ్మకూ ఉండేది. చిన్న ఉండ ఒకటి ముందు వేయించి, దాన్ని రుచి చూడండి.