ఇంటర్వ్యూకు ముందు మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు ఇంటర్వ్యూకు హనుమకొండ రమ్మన్నారని, ఇంటి కష్టాలు ఎంతవరకు చెప్పాలో తోచడం లేదని రాశావు. పాట నచ్చినవాళ్ళకు పాడినవాళ్ళ గురించి తెలుసుకోవాలనిపించడం సహజం. అయితే నీ జీవితంలో ఏ సంగతి నీ పాటలో వినబడుతుందో అది మాత్రమే చెప్పు.

అందెశ్రీ గారి ‘జయ జయహే తెలంగాణ’ పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. ఉద్యమ సభల్లో దానికి గొంతు కలిపినవాళ్ళలో నాకు తెలిసిన చాలామందికి, ఆయన రేబర్తిలో పుట్టి, బడికి పోకుండా కాపరిగా, తాపీ పనివాడిగా బతికారని అప్పటికి తెలియదు. తెలిశాక ఆ పాట మరింత దగ్గరైంది కానీ, ముందు నిలబడింది పాటే.

అబద్ధం చెబితే జనం వదిలేస్తారని మాత్రం నిన్ను బెదిరించను. అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ తొలి రోజుల్లో తాను ఇల్లు విడిచి దేశం పట్టుకు తిరిగానని కథలు చెప్పుకోగా, మిన్నెసోటాలో మధ్యతరగతి ఇంట్లో పెరిగాడని 1963లో న్యూస్‌వీక్ పత్రిక బయటపెట్టింది. అయినా అభిమానులు ఆయనను విడువలేదు. నీ సంగతి వేరు. నీవు చెప్పబోయే కథలోని మనుషులు ఇంకా పరకాలలోనే ఉన్నారు, రేపు అంగట్లో నలుగురికి ముఖం చూపించాల్సింది వాళ్ళే. మీ నాన్న అప్పుల సంగతి మీ అమ్మది, మా అక్కది. ఆమెను అడగకుండా కెమెరా ముందు పెట్టకు.

చెప్పదగ్గది నీ దగ్గర బోలెడుంది. నీవు పాడే వరినాట్ల పాట మీ అమ్మమ్మది. నడుము వంచి నాటేస్తుంటే ఊపిరి పొట్టిగా వస్తుంది కనుక ఆమె చరణాన్ని చిన్నగా తెంపేది, మిగతా ఆడవాళ్ళు వంత అందుకునేలోగా కొత్త నారుకట్ట విప్పుకునేది. స్టూడియోలో నిలబడి పాడినా నీవూ సరిగ్గా అక్కడే ఆపుతున్నావు, గమనించావా? అది చెప్పి వెంటనే పాడి చూపించు. విన్నవాళ్ళు ఆ పాటను మళ్ళీ పెట్టుకుని ఆ ఆపు కోసం చెవి ఒగ్గుతారు. పేదరికం గురించి ఎంత చెప్పినా అలా మళ్ళీ వినరు, అయ్యో అని ఊరుకుంటారు.

మాటల వెనుక ఏడుపు సంగీతం పెట్టవద్దని ముందే గట్టిగా చెప్పు. డప్పు వెంట తీసుకుపో, అక్కడ దొరకకపోవచ్చు.

ఇట్లు,
నీ మామ