ఎక్స్‌ప్రెస్ జనరేటర్: మీ సందేహాలు, మా జవాబులు

(నోడ్.జేఎస్‌లో వెబ్ సర్వర్లు రాయడానికి వాడేది ఎక్స్‌ప్రెస్. దాని ప్రాజెక్టుకు మొదటి ఫైళ్లు తయారుచేసి ఇచ్చేది ఎక్స్‌ప్రెస్ జనరేటర్.)

ప్రశ్న: ఎక్స్‌ప్రెస్ జనరేటర్‌తో 'లైబ్రరీ' అనే ప్రాజెక్టు తయారుచేశాను. 'నోడ్ యాప్.జేఎస్' అని కొడితే ఎర్రర్ రాదు, సర్వర్ కూడా నడవదు. వెంటనే ప్రాంప్ట్ వచ్చేస్తోంది.
– ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: మీ కోడ్‌లో తప్పు లేదు, నడిపిన ఫైలే వేరు. యాప్.జేఎస్ అప్లికేషన్‌ని సిద్ధం చేసి ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, అంతే. పోర్టు (రిక్వెస్టులు వచ్చే ద్వారం) తెరిచేది 'బిన్' ఫోల్డర్‌లోని 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ' ఫైలు. దాని పేరు చివర జేఎస్ ఉండదు కాబట్టి కొత్తవాళ్లు దాన్ని పట్టించుకోరు. ముందు 'ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్', తర్వాత 'ఎన్‌పీఎమ్ స్టార్ట్' కొట్టండి. మొదటిది ప్రాజెక్టుకు కావలసిన మాడ్యూళ్లను (సిద్ధంగా దొరికే కోడ్ ముక్కలను) దించుతుంది, రెండోది సర్వర్‌ని నడుపుతుంది. మొదటిది మరిచిపోతే 'హెచ్‌టీటీపీ-ఎర్రర్స్' మాడ్యూల్ దొరకలేదని ఆగిపోతుంది. యాప్.జేఎస్ మొదటి వరుసలో పిలిచేది దాన్నే మరి.

స్టార్ట్ కొట్టాక టెర్మినల్ ఏమీ చెప్పకుండా నిలబడితే కంగారుపడకండి, సర్వర్ నడుస్తున్నట్టే. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:3000 తెరిచి చూడండి. పోర్టు 3000 ఇప్పటికే వాడుకలో ఉందంటే బహుశా పాత టెర్మినల్ ఏదో మూయకుండా వదిలేశారన్నమాట. అక్కడ కంట్రోల్-సీ నొక్కండి.

ప్రశ్న: రూట్స్ (ఏ చిరునామాకు ఏ కోడ్ జవాబివ్వాలో రాసే) ఫోల్డర్‌లో బుక్స్.జేఎస్ రాసి, యాప్.జేఎస్‌లో కలిపాను. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా '/బుక్స్' పేజీకి 404 ('పేజీ దొరకలేదు') వస్తోంది.
– పాఠకురాలు, వరంగల్

జవాబు: కలిపిన చోటు చూడండి. ఎక్స్‌ప్రెస్ యాప్.యూజ్ వరుసలను పైనుంచి కిందికి, రాసిన క్రమంలోనే చూస్తుంది. జనరేటర్ ఇచ్చిన ఫైలులో ఇండెక్స్, యూజర్స్ రూట్లు అయిపోగానే, దారి పేరు లేని ఒక యాప్.యూజ్ ఉంటుంది. అంతవరకూ ఎవరూ జవాబివ్వని ప్రతి రిక్వెస్టునూ అది పట్టుకుని 404 చేసేస్తుంది. మీరు బుక్స్ వరుసను ఫైలు అడుగున, మాడ్యూల్.ఎక్స్‌పోర్ట్స్ పైన పెట్టి ఉంటారు. అక్కడిదాకా రిక్వెస్టు రానే రాదు. ఆ వరుసను యూజర్స్ కిందికి, 404 పైకి జరపండి.

ఇంకోటి. బుక్స్.జేఎస్ లోపల రౌటర్.గెట్‌కి మళ్లీ '/బుక్స్' అని ఇవ్వకండి, ఒక్క '/' చాలు. లేకపోతే చిరునామా '/బుక్స్/బుక్స్' అయిపోతుంది.

ప్రశ్న: కొత్త ప్రాజెక్టులోనే ఎన్‌పీఎమ్ బోలెడు హెచ్చరికలు చూపిస్తోంది. వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. జనరేటర్ తన మూసలో ఎక్స్‌ప్రెస్ 4.16.1 దగ్గరే ఆగిపోయింది, వెర్షన్ ముందు గుర్తు టిల్డే (~) కావడంతో 4.16 దాటదు. వ్యూ (మూసల నుంచి పేజీలు తయారుచేసే పనిముట్టు) ఏదీ చెప్పకపోతే జేడ్ పెడుతుంది. ట్రేడ్‌మార్క్ చిక్కుతో జేడ్ పేరు ఎప్పుడో పగ్‌గా మారింది, పాత పేరుతో మెరుగులు రావు. కాబట్టి మొదలే ఇలా కొట్టండి: 'ఎన్‌పీఎక్స్ ఎక్స్‌ప్రెస్-జనరేటర్ --వ్యూ=పగ్ --గిట్ లైబ్రరీ'. అందులోని --గిట్ వల్ల గిట్‌ఇగ్నోర్ ఫైలు వస్తుంది, దించిన మాడ్యూళ్లుండే నోడ్_మాడ్యూల్స్ ఫోల్డర్ గిట్‌లోకి (కోడ్ మార్పుల చరిత్ర దాచేది) ఎక్కదు. పేజీలు అక్కర్లేని ఏపీఐ (డేటా మాత్రమే ఇచ్చే సర్వర్) అయితే --వ్యూ=పగ్ బదులు --నో-వ్యూ.

తర్వాత ఫోల్డర్‌లోకి వెళ్లి 'ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ప్రెస్@4 పగ్@3' కొట్టండి. హెచ్చరికలు సరిదిద్దే 'ఎన్‌పీఎమ్ ఆడిట్ ఫిక్స్'కి --ఫోర్స్ తగిలించడం మాత్రం వద్దు, అది మిమ్మల్ని అడగకుండానే పెద్ద వెర్షన్లు మార్చేస్తుంది. ఎక్స్‌ప్రెస్ 5కి వెళ్లాలంటే నోడ్ 18 లేదా ఆపైది కావాలి. అందులో దారిగా వట్టి నక్షత్రం గుర్తు ఇస్తే చెల్లదు, దానికో పేరు తగిలించాలి: '/*స్ప్లాట్' అన్నట్టు.