కారు సీడీల గురించి మేనకోడలికి

విజయవాడ

బుజ్జీ,

కారు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దసరా సెలవుల్లో నాన్నని ఎక్కించుకుని అరసవల్లి దాకా నువ్వే నడుపుతావట కదా! మన ఇంట్లో ఆడపిల్ల స్టీరింగు పట్టడం ఇదే మొదలు. కూరగాయలబండి వాడితో సహా కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. రాత్రి పక్క మీదికి చేరాక మాత్రం భయం పట్టుకుంది. అంత హైవే, ఆ లారీలు.

కారు నడపడం నాకు రాదు కాబట్టి దాని గురించి మాట్లాడను. ఆ పాత కారులో సీడీ ప్లేయరు ఒక్కటే ఉందనీ, నాన్న క్యాసెట్లన్నీ సీడీలకి ఎక్కిస్తున్నావనీ, అవి ఇంట్లో బాగానే పాడి కారులో ఎగిరిపోతున్నాయనీ విన్నాను. గవర్నర్‌పేట కొట్లో మీ మావయ్య పక్కన కూర్చుని నేను రైట్ చేసిన సీడీలకి లెక్కలేదు. ఆటోనగర్ నుంచి ట్యాక్సీ డ్రైవర్లు అవి పట్టుకొచ్చి బల్ల మీద పడేసి, "అమ్మా, పాట గెంతుతోంది" అని పోట్లాడేవాళ్ళు. ఆ మాట నన్నడక్కుండా ఎవరెవరినో అడుగుతున్నావంటే నాకు కోపం రాదూ?

ముందు తప్పు ఎవరిదో తేల్చుకో. కంపెనీ సీడీ ఒకటి కారులో పెట్టి విను. అదీ ఎగిరితే నీ సీడీలని అనకు, ప్లేయరు లెన్సు మీద దుమ్ము చేరి ఉండొచ్చు. చిన్న బ్రష్షులున్న లెన్స్ క్లీనర్ డిస్క్ ఒకసారి తిప్పి చూడు. గుంతల్లో మాత్రమే ఎగిరితే అది రోడ్డు తప్పో, ప్లేయరు బిగింపు వదులవడమో. కంపెనీ సీడీ పాడి నీవి మాత్రం ఎగిరితే అప్పుడు మనం మాట్లాడుకోవాలి.

కంపెనీ వాళ్ళ సీడీలో పాటంతా అచ్చుగుద్దిన గుంటలు. మనం రైట్ చేసేదాంట్లో గుంటలుండవు. లోపల ఒక రంగు పొర ఉంటుంది, లేజరు దాన్ని వేడిచేసి మచ్చలు పెడుతుంది. అందుకే వయసైపోయిన ప్లేయరుకి కంపెనీ సీడీ తేలికగా కనిపిస్తుంది, మనది చూడాలంటే కళ్ళు చికిలించుకోవాలి. మళ్ళీ మళ్ళీ చెరిపి రాసుకోవచ్చని సీడీ-ఆర్‌డబ్ల్యూ కొనకు. ప్లేయరు లేజరు వేసినప్పుడు, ఒక్కసారే రాసే మామూలు సీడీ-ఆర్ వెనక్కి పంపే వెలుతురులో మూడోవంతు కూడా అది పంపదు. పాత కారు ప్లేయర్లు చాలావాటికి అది కనిపించనే కనిపించదు.

డబ్బా మీద 52 అని ఉందని ఆ స్పీడులోనే రైట్ చెయ్యకు. 16లో చెయ్యి. అలాగని మరీ 1కో 2కో దిగక్కర్లేదు, ఇప్పటి బ్లాంకులు, అంటే ఖాళీ సీడీలు, అంత నెమ్మదికి తయారుచేసినవి కావు. ఆల్బం మొత్తం ఒకే ఊపులో రైట్ చేసి, చివర్న ఫైనలైజ్ చెయ్యి, అంటే ఇక పాటలు కలపకుండా సీడీని మూసెయ్యి. సగంలో వదిలేసి రేపు ఇంకో పాట కలుపుతానంటే కారు ఒప్పుకోదు. ప్లేయరు ముఖం మీద ఎంపీ3 అని రాసి లేకపోతే ఎంపీ3 ఫైళ్ళు ఎక్కించకుండా ఆడియో సీడీగానే చెయ్యి.

ఇంకోటి. సీడీ లోపలి నుంచి అంచుకి పాడుతుంది, గ్రామఫోను రికార్డుకి తిరగేసి. మొదటి పాటలు బాగుండి చివరివి ఎగురుతున్నాయంటే తంటా అంచులో ఉంది. 80 నిమిషాలు పడుతుందని 80 నింపకు, 70 దగ్గర ఆపు. మీ నాన్న "ఇంకొక్కటి పట్టదా?" అంటాడు. పట్టదని చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. సీడీ మీద కాగితం లేబుల్ అంటించకు. అందంగా ఉంటుందని, నాన్న ఫొటో వేసి ప్రింటు తీస్తావని నాకు తెలుసు, నీకు ఆ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసు. ఇంట్లో కంప్యూటరు కొత్తగా కొన్న రోజుల్లో మీ నాన్న కూడా ఇదే పని చేశాడు. తామరపువ్వు బొమ్మ వేసి, కింద మీ నాయనమ్మ పేరు రాసి, గుండ్రంగా కత్తిరించి అంటించాడు. వెంట్రుకంత పక్కకి జరిగింది. జరిగితే ఏమవుతుంది అన్నాడు. సీడీ నిమిషానికి 200 నుంచి 500 చుట్లు తిరుగుతుంది, బరువు ఒక పక్కకి ఒరిగితే ఆ తిరుగుడులో వణుకుతుంది. దానికి తోడు మే నెల, కారు గుంటూరు కొత్తపేటలో పొద్దుట్నించీ ఎండలో ఉంది. అంచు దగ్గర కాగితం లేచింది.

సాయంత్రం అమ్మనీ నన్నూ వెనక కూర్చోబెట్టుకుని బెజవాడ బయల్దేరాడు. మంగళగిరి దగ్గరికి వచ్చేసరికి పాట ఒక్క ముక్క దగ్గర పట్టుకుని అదే మళ్ళీ మళ్ళీ అంటోంది. బొత్తాం నొక్కితే సీడీ సగం బయటికొచ్చి ఆగింది. ఎడమ చేత్తో లాగాడు, రాలేదు. తలవంచి ఆ సందులోకి చూస్తూ, గోరు పెట్టి కాగితం పీకుతున్నాడు, కారు మాత్రం వెళ్తూనే ఉంది. ముందు లారీ ఆగి ఉంది. అమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బ్రేకు పడింది, మంచినీళ్ళ చెంబు ఎగిరి నా మోకాలికి తగిలింది. కళ్ళు తెరిచేసరికి అద్దం నిండా మిరప బస్తాలే. ఆ ఘాటుకి ముగ్గురం తుమ్ముతున్నాం. అంత దగ్గరగా ఆగాం.

మీ అమ్మకి ఈ ముక్క ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నాన్నని అడిగితే కాదంటాడు, అడక్కు. మర్నాడు ఆటోనగర్‌లో ప్లేయరు విప్పితే రోలర్లకి తామరపువ్వు అంటుకుపోయి ఉంది.

అందుకని లేబుల్ వద్దు. మెత్తటి మొన ఉన్న సీడీ మార్కరుతో మధ్య కన్నం చుట్టూ ఉన్న ఖాళీలో రాసుకో. బాల్‌పెన్ను వద్దే వద్దు. సీడీ కిందివైపు గీతలు పడకుండా అందరూ చూసుకుంటారు, కానీ అటు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు కాపాడుతుంది. పాట ఉన్నది పైవైపునే, దానికి కాపలా పల్చటి వార్నీషు ఒక్కటే. తుడిస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడువు. గుండ్రంగా తుడిచావంటే గీత పాట వెంబడే పడుతుంది. అడ్డగీతని ప్లేయరు సర్దుకుంటుంది, పొడుగు గీత వెంట రెండున్నర మిల్లీమీటర్లు దాటితే పూర్తిగా సర్దుకోవడం దాని వల్ల కాదు. డ్యాష్‌బోర్డు మీద పెట్టకు, ఎండకి ఆ రంగు పొర చెడిపోతుంది. ఒక్కోటి రెండు కాపీలు తీసుకో.

దారిలో పాట ఎగిరితే ఎగరనీ. నీ చెయ్యి అటు పోకూడదు, కళ్ళు అసలే పోకూడదు. సీడీ మార్చడం, ఆపడం నాన్న పని, ముందు సీట్లో కూర్చోబెట్టు. ఆయనకి కళ్ళజోడు పెట్టుకోమని చెప్పు, లేకపోతే తలకిందులుగా పెడతాడు. ఒక్కరోజులో వెళ్ళిపోదామనుకోవద్దు, రాజమండ్రిలో పడుకోండి. మీ అమ్మకి వేళకి ఫోన్ చెయ్యండి, తర్వాత నాకు.

మీ మావయ్య దాచిన బ్లాంక్ సీడీల డబ్బా ఒకటి అటక మీద ఉంది. పాతవి, ఒకటి రైట్ చేసి కారులో చివరి పాట దాకా విన్నాకే మిగతావి వాడు. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. బస్సులో రా. లేదూ, కారులోనే వస్తానంటావా, వారధి దాటాక పక్కకి ఆపి ఫోన్ చెయ్యి. మా సందులో వెనక్కి తిప్పడం కష్టం, మెయిన్ రోడ్డు మీదే ఆపుకో. డబ్బా నేనే తెస్తాను, కారు కూడా చూసినట్టుంటుంది.

నీ మేనత్త